దొరగారి పరుపు

అన్యాయం జరిగింది కోడలికి. ఫిబ్రవరి పదకొండున, మిట్టమధ్యాహ్నం, ఆమె డాబా మీద దిండు గలీబులు ఆరేస్తుంటే జరిగింది. మొగుడు ఫోన్ చేశాడు. పెళ్ళానికి కాదు, తల్లికి. "అమ్మా, నేనిక రాను. ఇక్కడ ఒకామెతో ఉంటున్నాను. నువ్వే మెల్లగా చెప్పు దానికి," అన్నాడు. ఇష్టపడ్డప్పుడు తన నోటితో తనే చెప్పుకున్నాడు. వదిలేసేటప్పుడు మాత్రం తల్లి నోరు కావలసి వచ్చింది.

తల్లి మెల్లగానే చెబుదామనుకుంది. ఆ మెల్లగా అన్నది సాగి సాగి ఆగస్టు దాకా వచ్చింది.

ఆవిడకి పరుపుల కొట్టు ఉంది. వీధివైపు కొట్టు, వెనక ఇల్లు, మధ్యలో ఒక్క తలుపు. వీధంతా ఆవిణ్ణి పరుపులామె అనే పిలుస్తుంది. పొద్దున్నే షట్టరెత్తి, నిన్నటి దూది నుసి ఊడ్చి, దబ్బనాలన్నీ ఉన్నాయో లేదో చూసుకున్నాకే ఆవిడ కాఫీ తాగుతుంది. దబ్బనం ఒకటి తగ్గిందంటే అది ఎవరి వీపు కిందో తేలుతుంది, వాళ్ళు ఎగురుకుంటూ కొట్టుకొస్తారు.

కొత్త పరుపు కుట్టడం ఎవరైనా నేర్చుకోవచ్చు. పాత పరుపు విప్పడంలోనే ఉంది పనితనమంతా. పాత పరుపు విప్పి దూది ఏకితే, దాని మీద పడుకున్నవాళ్ళు రాత్రిళ్ళు అన్న మాటలన్నీ బయటికొస్తాయి. దూదిలో ఇంకినవి ఎక్కడికి పోతాయి మరి? ఏకినకొద్దీ పోగు పోగునా ఊడి, అన్నవాళ్ళ గొంతుతోనే గదిలో వినిపించి, గాల్లో కలిసిపోతాయి. అందుకని విప్పేవాళ్ళు ముందు తలుపేసుకుంటారు, రెండు చెవుల్లో దూది పెట్టుకుంటారు, పొరపాటున ఏదైనా చెవిన పడితే దాన్ని నుసితో పాటే ఊడ్చేస్తారు. ఆ పనికి అదే మర్యాద. పరుపులు తెచ్చేవాళ్ళకీ ఈ సంగతి మామూలే. "మా ఆయన గురక జాస్తి, దీన్ని రెండుసార్లు ఏకండి," అని ఒకావిడ చెప్పి వెళ్ళేది. ఇంకొకాయన పోయిన నాన్న పరుపు తెచ్చి, "కాస్త నిదానంగా ఏకండమ్మా," అని బయట బల్ల మీద కూర్చుని, తలుపు సందులోంచి వచ్చినంత విని, ముక్కు చీదుకుని వెళ్ళాడు.

కొడుక్కి ఈ పని నచ్చలేదు. ఫోమ్ పరుపులు అమ్మే ఉద్యోగం చూసుకుని వేరే ఊరు పోయాడు. ఫోమ్‌లో ఏ మాటా ఇంకదు. ఎవరెంత ఏడ్చినా పొద్దున్నకి మళ్ళీ ఉబ్బి, ఏమీ ఎరగనట్టు నిగనిగలాడుతుంది. వాడికి తగిన సరుకే దొరికింది.

కోడలు పెళ్ళికి ముందు బస్సు నడిపేది. ఊళ్ళ మధ్య తిరిగే పెద్ద బస్సు. వేరే ఊళ్ళో డిపోకి జీతం లేని సెలవు పెట్టి, ఒక సూట్‌కేసు, ఒక బోను పట్టుకుని ఈ ఇంట్లో అడుగుపెట్టింది. బోనులో కుందేలు. డిపో గోడ వెంబడి గడ్డిలో దొరికింది. బూడిదరంగు ఒళ్ళు, మెడ చుట్టూ తెల్ల పట్టీ. పని చెయ్యదు, పిలిస్తే పలకదు, టైముకి పళ్ళెం రాకపోతే కాలితో నేల మీద దబ్‌మని కొడుతుంది. "ఇదేం కుందేలే, దొరలా ఉంది!" అంది పరుపులామె మొదటి రోజే. అప్పట్నించీ అది దొరగారు. దొరగారు లేచారు, దొరగారు అలిగారు, దొరగారు చెప్పు కొరికారు.

పరుపులామెకి మెత్తన తప్ప ఇంకోటి తెలీదు. మనిషి నోరు మాత్రం గరుకే, బేరమాడేవాడు రెండోసారి నోరెత్తడు. కానీ చేతుల్లో పుట్టిందంతా మెత్తనే. ప్రేమ పుడితే మెత్తగా చూసుకోవడమే ఆవిడకి వచ్చిన విద్య. దొరగారికి అరచేతి మందాన ఒక పరుపు కుట్టింది, మంచి రకం దూది వేసి. కోడలి గదిలో, మంచం పక్కనే దాన్ని పరిచింది. పొద్దునా సాయంత్రం పాలలో నానబెట్టిన బ్రెడ్డు పెట్టేది. గట్టిగా తగులుతాయని అంచులు కూడా కోసేసేది. క్యారెట్ ఉడకబెట్టి మెదిపి పెట్టేది. అరటిపండు సరే సరి. దొరగారు కళ్ళు మూసుకుని చప్పరిస్తుంటే పక్కన గొంతుక్కూర్చుని మురిసిపోయేది.

కోడల్ని చూసుకున్నదీ అలాగే. "అమ్మాయ్, వాడు ఫోన్ చేశాడే. నువ్వు పడుకున్నావంటే లేపొద్దన్నాడు. పని ఎక్కువట." వారానికోసారి ఇలా ఏదో ఒక మెత్తటి మాట నానబెట్టి పెట్టేది. "అలాగా అత్తయ్యా," అనేది కోడలు. వీధికి సంగతి తెలుసు, అటువైపు తిరిగే లారీవాళ్ళు చెప్పారు. వీధి కూడా మెత్తగానే ఉంది. కోడలు కూరగాయలకి వెళ్తే చేతిలో రెండు టమాటాలు ఎక్కువ పెట్టి తల తిప్పుకునేవాళ్ళు.

దీనికి జాలి అని పేరు పెట్టుకుంది పరుపులామె. అందులో జాలి పాలెంతో ఆవిడకే తెలియాలి. కోడలొచ్చాక ఇంట్లో మాట వినబడుతోంది. బస్సు నడిపిన చేతులు, పెద్ద పరుపుని ఒక్కతే తిరగేసేది. చెప్పేస్తే ఆ పిల్ల సూట్‌కేసు సర్దుకుంటుంది. చెప్పకపోతే ఉంటుంది. లెక్క అంతే.

జూన్‌లో దొరగారి ఎడమ కంటి నుంచి నీళ్ళు కారడం మొదలైంది.

మొదట కంటి మూల తడి. తరవాత చెంప మీద బొచ్చు తడిసి, అట్టకట్టి, ఊడి, కింద చర్మం ఎర్రగా కనబడింది. "దూది నుసి పడుంటుంది," అంది పరుపులామె. ఆవిడకి తుమ్ము వచ్చినా దూది నుసే, కొడుకు వెళ్ళిపోయినా దూది నుసే. వీధి చివర మందుల షాపాయన దగ్గరికి వెళ్ళింది. ఏ జబ్బు చెప్పినా కంట్లోనో చెవిలోనో వేసే చుక్కల సీసా ఇచ్చి పంపుతాడని ఆయనకి చుక్కలాయన అని పేరు.

"కుందేలుకా?" అన్నాడాయన. "కన్ను కన్నే కదమ్మా, మనిషిదైతేనేం, కుందేలుదైతేనేం! పూటకి రెండు చుక్కలు."

రెండు చుక్కలతో కన్ను ఎర్రబడింది. ఇంకాస్త వేస్తే ఇంకాస్త ఎర్రబడింది. జూలై గడిచి ఆగస్టు వచ్చింది. ఆ నెలలోనే డిపో నుంచి గుమాస్తా ఫోన్ చేశాడు. పరుపులామె తలుపు ఇవతల దబ్బనంలో దారం ఎక్కిస్తూ వింది.

"ఆఁ, తెలుసండి. నెలాఖరుకి సెలవు అయిపోతుంది... చేరకపోతే ఉద్యోగం పోతుందని తెలుసండి... ఆలోచించి చెప్తాను."

దారం ఎక్కలేదు. నోట్లో తడిపి మళ్ళీ గుచ్చింది. 'నెలాఖరు దాటితే చాలు,' అనుకుంది. అనుకున్నందుకు సిగ్గుపడింది. సిగ్గుపడి కూడా నోరు మెదపలేదు.

చివరికి కోడలే పట్టుబట్టి దొరగారిని పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. అత్తగారూ వెంట వెళ్ళింది. డాక్టరమ్మ చిన్న మనిషి, పెద్ద గొంతు. చుక్కల సీసా చూసి నోరు వెళ్ళబెట్టింది.

"ఎవరిచ్చారిది? కంటి మీద చిన్న గీత ఉన్నా ఈ మందుతో పుండై కన్ను పోయేది!"

"కన్ను కన్నే అన్నాడండి," అంది పరుపులామె.

"వాడి కంట్లో వేసుకోమనండి."

డాక్టరమ్మ కంట్లో ఆకుపచ్చ రంగు వేసి, లైటు పెట్టి చూసింది. గీత లేదు, నలుసు లేదు. సన్నటి గొట్టంతో కంటి మూల నుంచి నీళ్ళు ఎక్కించి చూసింది. "కంట్లోంచి ముక్కులోకి దారి ఉంటుంది. ఈ నీళ్ళు ముక్కులోంచి రావాలి. రావట్లేదు చూడండి, మూసుకుపోయింది. కంటి నీళ్ళకి వేరే దారి లేక చెంప మీద పడుతున్నాయి. ఎందుకు మూసుకుపోయిందో అదీ తేలాలి. దుమ్ము కావచ్చు. బోను శుభ్రంగా లేకపోతే మూత్రం ఘాటుకీ వస్తుంది. చీము పట్టి ఉండొచ్చు. లేదా పళ్ళు."

"పళ్ళా?" పరుపులామెకి నవ్వొచ్చింది. "నీళ్ళు కారేది కంట్లోంచి కదండీ?"

"పై పళ్ళ వేళ్ళు ఆ దారి పక్కనుంచే పోతాయమ్మా. ముందు పళ్ళు చూడ్డానికి బానే ఉన్నాయి. వెనక దవడ పళ్ళు, వేళ్ళు చూడాలంటే మత్తిచ్చి ఎక్స్‌రే తియ్యాలి. కుందేళ్ళకి మత్తు ఊరికే ఇవ్వను, ప్రాణం మీదికి రావచ్చు. గుర్తులుంటేనే ఇస్తాను. ఏం తింటుంది?"

"తిండికేం లోటు లేదండి, ఇంట్లో మనిషిలాగే," అంది పరుపులామె. "ఆకులు, క్యారెట్..." బ్రెడ్డు సంగతి చెప్పలేదు. దాచాలని కాదు. అంచులు తీసిన బ్రెడ్డు ఆవిడ దృష్టిలో తిండి కిందికి రాదు, ముద్దు కిందికి వస్తుంది.

"రాత్రిళ్ళు పళ్ళు నూరుతుందా? నొప్పి ఉంటే కటకటమని నూరుతాయి. ఎవరి గదిలో పడుకుంటుంది?"

"నా గదిలోనండి," అంది కోడలు. అత్తగారి వైపు ఒక్కసారి చూసింది. "తెలీదండి. నేను మంచమెక్కగానే నిద్రపోతాను."

డాక్టరమ్మ తల ఊపింది. "అయితే ముందు దుమ్ము సంగతి చూద్దాం. దూది పని అన్నారుగా. పడక మార్చండి. గోరువెచ్చటి నీళ్ళలో మెత్తటి గుడ్డ ముంచి చెంప తుడిచి, పొడిగా ఒత్తండి. ఈ మందు వెయ్యండి. ఒక్క పూట తిండి మానేసినా పరిగెత్తుకు రండి. కుందేలు తినకపోతే పేగులు ఆగిపోతాయి. రేపు చూద్దాంలే అనుకుంటే రేపు ఉండదు."

మర్నాడు కోడలు బోను కడగడానికి పెరట్లోకి వెళ్ళాక, పరుపులామె దొరగారి పరుపు తెచ్చి కొట్టులో కూర్చుంది. తలుపు అలవాటుగా వేసింది. చెవుల్లో మాత్రం దూది పెట్టుకోలేదు. ఇన్నేళ్ళ పనిలో ఆవిడ చేసిన పొరపాటు ఇదొక్కటే, ఏ పరుపులవాళ్ళైనా చేసే పొరపాటే. కుందేలు ఏం మాట్లాడుతుంది?

కుట్లు విప్పి, దూది తీసి, గోడకున్న, దూది ఏకే చిన్న విల్లు అందుకుంది. ఇంత చిన్నదానికి మిషను ఎందుకని. నారి దూదిని తాకి టంగుమంది. పోగులు లేచాయి.

కటకట. కటకట. కటకట.

ఎవరో రాళ్ళు నములుతున్నట్టు. విల్లు ఆపింది. చప్పుడు ఆగింది. మళ్ళీ తాకించింది. మళ్ళీ కటకట. డాక్టరమ్మ చెప్పిన చప్పుడే.

అప్పుడైనా చెవులు మూసుకోవాల్సింది. పక్కనే బుట్టెడు దూది ఉంది. చెయ్యి వెళ్ళలేదు. నారి ఇంకోసారి మోగింది.

"ఏమిటండీ దొరగారూ, ఆ నూరడం? నొప్పా? నాక్కూడా." కోడలి గొంతు. గుసగుస, కింద పరుపు దాకా వంగి చెప్పినట్టు. "పడుకోండి. ఆయన రాడు లెండి. నాతో పనిచేసిన కండక్టరు మార్చిలోనే ఫోన్ చేసి చెప్పాడు, ఆవిడెవరో, ఏ వీధిలో ఉంటున్నారో కూడా."

పరుపులామె చేతులు వాటంతటవే ఏకుతూ పోయాయి.

"అత్తయ్యకీ తెలుసండీ. ఇవాళ కూడా ఫోన్ చేశాడని చెప్పింది. అబద్ధం ఆడేటప్పుడు ఆవిడ ముక్కు గోక్కుంటుంది, మీరు చూశారా? అడిగేద్దామనుకుంటాను. ఆ మొహం చూస్తే నోరు రాదు. నాకు తెలుసని తెలిస్తే ఆవిడ ఏమైపోతుంది?" కటకట. "డిపో వాళ్ళు నెలాఖరు దాకే ఆగుతారట. స్టీరింగ్ పట్టుకున్నట్టు కలొస్తోంది. పొద్దున లేచేసరికి భుజాలు నొప్పి. వెళ్తానంటే తెలిసిపోతుంది కదా. పోనీలెండి. ఉద్యోగమే కదా. పడుకోండి."

ఆ తరవాత చాలాసేపు ఏ మాటా రాలేదు. దూదిలోంచి ముక్కు ఎగబీల్చే చప్పుడు మాత్రం వచ్చింది, పళ్ళ చప్పుడుతో కలిసి.

పరుపులామె విల్లు కింద పెట్టింది. ముక్కు మీదికి చెయ్యి వెళ్ళబోతే దించేసుకుంది.

ఇక్కడ ఆవిడని కాస్త తిట్టుకోవాలి. లేచి పెరట్లోకి వెళ్ళి ఒక్క ముక్క చెబితే అయిపోయేది. చెప్పలేదు. పళ్ళ సంగతి చెబితే పరుపు విన్నానని చెప్పాలి. విన్నానంటే అంతా విన్నట్టే. విన్నది బయటపెట్టకూడదని పనికి మర్యాద ఒకటి ఉంది కదా, దాని వెనక దాక్కుంది. కొత్త దూది కూరి, కుట్టేసి, పరుపు ఎక్కడిదక్కడ పరిచేసింది. ఆ సాయంత్రం దొరగారి బ్రెడ్డు ఇంకొంచెం ఎక్కువసేపు నానబెట్టింది.

తెల్లారి చూస్తే బ్రెడ్డు ఉన్నది ఉన్నట్టే ఉంది. దొరగారు మూలన ముడుచుకుని కూర్చున్నారు. గడ్డం కింద తడి. రెండు కళ్ళూ కారుతున్నాయి. అరటిపండు ముక్క ముక్కు దగ్గర పెడితే మొహం తిప్పుకున్నారు.

"అత్తయ్యా!" కోడలు కేకేసింది. "తినట్లేదు. డాక్టరమ్మ ఏమన్నారు, రేపు ఉండదన్నారు కదా!" బోను లాగి, కింద పాత తువ్వాలు పరిచి, దొరగారిని రెండు చేతులా ఎత్తింది.

పరుపులామె గుమ్మం పట్టుకుని నిలబడింది.

"దొరగారు రాత్రిళ్ళు పళ్ళు నూరుతున్నారు," అంది.

కోడలు తల ఎత్తలేదు. "మీకెలా తెలుసు?"

"నిన్న పరుపు విప్పాను."

బోను గొళ్ళెం దగ్గర కోడలి వేళ్ళు ఆగిపోయాయి.

"చెవుల్లో దూది పెట్టుకున్నారా?"

"లేదు. కుందేలు పరుపే కదా అనుకున్నాను."

వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. కోడలు గొళ్ళెం పెట్టి లేచింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మాట మాత్రం గట్టిగానే వచ్చింది.

"ఆ చప్పుడు రోజూ వింటూనే ఉన్నాను. రాత్రంతా మేలుకునే ఉంటున్నానని మీ ముందు చెప్పలేక, డాక్టరమ్మతో అబద్ధమాడాను. చెప్పుంటే ఆ రోజే ఎక్స్‌రే తీసేవారు. పదండి. ఆటో పిలవండి."

డాక్టరమ్మ ఈసారి ఏమీ అడక్కుండానే లోపలికి తీసుకెళ్ళింది. కొంతసేపటికి నల్లటి ఎక్స్‌రే పట్టుకొచ్చి కిటికీ వెలుగులో పెట్టి చూపించింది. దొరగారి పుర్రె కోడిగుడ్డంత ఉంది. పళ్ళ వేళ్ళు కంటి గూటి కిందిదాకా పొడుచుకుపోయి ఉన్నాయి.

"ఇదిగో, ఈ వేరు ఆ దారిని నొక్కేసింది. ఇవి దవడ పళ్ళు, అంచులు కత్తుల్లా తయారై నాలుక కోస్తున్నాయి. తినమంటే ఎలా తింటుంది? ఇప్పుడు నిజం చెప్పండి, ఏం పెడుతున్నారు?"

"పాలలో నానేసిన బ్రెడ్డు," అంది పరుపులామె. "అంచులు తీసేసి."

డాక్టరమ్మ ఆవిణ్ణి అలాగే చూసింది. "అమ్మా, కుందేలుకి పళ్ళు చచ్చేదాకా పెరుగుతూనే ఉంటాయి. రోజంతా ఎండుగడ్డి కొరికి నమిలితేనే అరుగుతాయి. మీరు గట్టిదన్నది తగలనివ్వలేదు. అరగని పళ్ళు ఎక్కడికి పోతాయి? పైకి పెరగలేక లోపలికి దిగాయి."

"డిపోలో ఉన్నప్పుడు గడ్డే తినేదండి," అంది కోడలు.

"మరెందుకు మాన్పించావమ్మా?"

"అత్తయ్య అంత ముచ్చటగా పెడుతుంటే వద్దనలేకపోయాను."

"బాగుంది. మీరు మీరు మొహమాటపడండి, మధ్యలో ఇది చస్తుంది." డాక్టరమ్మ చేతులకి తొడుగులు వేసుకుంది. "పళ్ళు అరగదీస్తాను. దారి కడిగి చూస్తాను. నొప్పికి మందిస్తాను. మత్తులోంచి లేస్తుందనే అనుకుంటున్నాను. బయట కూర్చోండి."

బయట సిమెంటు బల్ల. ఎదురుగా ఒక ముసలి కుక్క, దాని పక్కన దాని యజమాని, ఇద్దరూ కునుకు తీస్తున్నారు. పరుపులామె చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అరగని పళ్ళు లోపలికి దిగాయన్న మాట ఆవిడ చెవిలో నారిలా మోగుతోంది. ఈ చెవికి అడ్డం పెట్టుకోవడానికి ప్రపంచంలో దూది లేదు.

"అమ్మాయ్, వాడు రాడు," అంది.

"తెలుసత్తయ్యా. నాకు తెలుసని మీకూ తెలుసు కదా ఇప్పుడు. వదిలెయ్యండి."

"వదలను. నీకు తెలుసు సరే, నా నోటితో నేను చెప్పలేదుగా. ఫిబ్రవరి పదకొండున ఫోన్ చేశాడు. ఇక రానన్నాడు, నీకు చెప్పమన్నాడు. నేను దాచాను. నువ్వు ఏడుస్తావని దాచానని నాకు నేనే చెప్పుకున్నాను. కాదు. నువ్వు వెళ్ళిపోతావని దాచాను. ఆ తరవాత ఒక్కసారి కూడా వాడు ఫోన్ చెయ్యలేదు. చేశాడని నేను చెప్పినవన్నీ కల్పించినవే."

ముసలి కుక్క ఒక కన్ను తెరిచి మళ్ళీ మూసుకుంది.

కోడలు మామూలుగా అయితే 'పర్లేదు లెండి' అనేది. ఆ ఇంట్లో అడుగుపెట్టిన దగ్గర్నుంచీ ఎన్నిటికో అంది. పరుపులామె దానికోసమే ఎదురుచూసింది. ఆ మాట రాలేదు.

"చాలా పెద్ద తప్పు చేశారత్తయ్యా," అంది కోడలు, ఒక్కో మాటా విడిగా. "ఈ ముక్క అప్పుడే చెప్పుంటే ఈపాటికి నేను రూట్లో ఉండేదాన్ని. నేనూ గాడిదనే, మీకు తెలుసని తెలిసి ఊరుకున్నాను. కానీ మొదలుపెట్టింది మీరు."

"అవును."

"వారం వారం ఆ ఫోన్ కబురు చెప్తుంటే ఎలా ఉండేదో తెలుసా? చెంప మీద కొట్టి చల్లటి నీళ్ళు చల్లినట్టుండేది."

"అవును," అంది మళ్ళీ పరుపులామె. ఇంకేమీ చేర్చలేదు. మాట గట్టిగా తగిలింది. తగిలిన చోట ఏళ్ళ తరబడి పెరుగుతున్నదేదో కాస్త అరిగినట్టనిపించింది. కోడలు వెక్కి వెక్కి ఏడ్చింది, దాచుకోకుండా, కుక్క యజమాని ఉలిక్కిపడి లేచేంత గట్టిగా. పరుపులామె వీపు నిమరబోయి, ఆగి, చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ పిల్లని ఆ ఏడుపు ఏడవనిచ్చింది.

డాక్టరమ్మ తలుపు తీసింది. "లేచింది. లేస్తూనే నా వేలు కొరికింది. బతుకుతుంది."

దొరగారు తువ్వాల్లో చుట్టుకుని, మత్తు దిగని మొహంతో, అందరి మీదా కోపంగా ఉన్నారు. కుడి కంటి దారి తెరుచుకుంది. ఎడమది సగమే. "వేరు మళ్ళీ వెనక్కి పోదమ్మా," అంది డాక్టరమ్మ. "ఆ కన్ను ఎప్పుడూ కాస్త కారుతూనే ఉంటుంది. రోజూ తుడవాలి. కొన్నాళ్ళకోసారి పళ్ళు అరగదీయించాలి. ఇవాళ్టికి గడ్డి నలిపి సిరంజితో పట్టించండి, రేపట్నించి ఎండుగడ్డే ముఖ్యం. ఇంకో సంగతి, దూది ధూళిలో ఉంచకండి. ఆ ఇంట్లో ఉంటే మళ్ళీ మొదటికొస్తుంది."

ఆటో దిగేసరికి చుక్కలాయన షాపు మెట్ల మీద నిలబడి ఉన్నాడు. వీధిలో నలుగురు చేరారు. వీధి అన్నాక చేరకుండా ఉండదు.

"ఎలా ఉందమ్మా కుందేలుకి? కన్ను తగ్గిందా?"

"తగ్గుతుందండి," అంది కోడలు. "కాకపోతే దూది ధూళి పడదట. అందుకని దీన్ని తీసుకుని కొన్నాళ్ళు డిపో ఉన్న ఊరు..."

అందమైన సాకు. ఎవరికీ నొప్పి తగలదు. వీధి కూడా దాన్ని అందుకుని, "అయ్యో పాపం, కుందేలు కోసం," అనడానికి నోరు తెరిచింది. పరుపులామె బోను కింద పెట్టింది.

"కుందేలు కోసం కాదయ్యా," అంది, వీధి చివరిదాకా వినబడేలా. "మావాడు ఈ పిల్లని వదిలేశాడు. ఇంకొకత్తెతో ఉంటున్నాడు. మీకందరికీ తెలుసు, నాకూ తెలుసు. ఇదిప్పుడు బస్సు నడపడానికి వెళ్తోంది. దీని ఉద్యోగం దీనికి ఉంది. ఇంకెవరూ టమాటాలు ఎక్కువ పెట్టక్కర్లేదు. ఏమయ్యా చుక్కలాయనా, నీ చుక్కల సీసా తెచ్చి నీ షాపులోనే పారేస్తాను, ఉండు."

వీధి నోరు మూసుకుంది. కోడలు అత్తగారి మొహం చూసింది. అది చూసి చూసి, ఏడ్చి ఉబ్బిన కళ్ళతోనే, ఫక్కున నవ్వింది. లోపలికి వెళ్ళి డిపోకి ఫోన్ చేసింది. "ఆలోచించానండి. వస్తున్నాను," అంది.

ఆ వారమంతా దొరగారు బుట్ట నిండా ఎండుగడ్డి ముందేసుకుని కూర్చున్నారు. మొదట అలిగారు, కాలితో దబ్‌మని కొట్టారు, ఎవరూ బ్రెడ్డు తేకపోయేసరికి ఒక పరక లాగారు. కరకర నమిలారు. ఆ చప్పుడు తలుపు ఇవతలికి వినబడుతుంటే పరుపులామె పని చేసుకుంది. కొడుకూ కోడలూ పడుకున్న పెద్ద పరుపు కిందికి దింపింది. మూలన ఎర్ర దారంతో కుట్టిన తారీకు ఉంది. ఆవిడ కుట్టిన ప్రతి పరుపుకీ అలా పూర్తయిన రోజు తారీకు ఉంటుంది. దాన్ని విప్పేముందు తలుపేసింది. రెండు చెవుల్లోనూ దూది గట్టిగా కూరుకుంది. లోపల ఏం మాటలున్నాయో, ఎవరి ప్రేమలున్నాయో, ఎన్ని అబద్ధాలున్నాయో, అన్నీ మిషనులో ఎగిరి గాల్లో కలిసిపోయాయి. ఒక్కటీ వినలేదు. రెండుసార్లు ఏకింది. మూడోసారి కూడా ఏకింది.

దొరగారి ముక్కుకి ఒక్క పోగు కూడా తగలకుండా దట్టమైన గుడ్డ రెండు వరసలు వేసి, కోడలు వెంట తీసుకెళ్ళడానికి ఆ దూదితోనే ఒక్క మనిషికి సరిపడా పరుపు కుట్టింది. మెత్తగా కుట్టడం చేతికి అలవాటు. ఈసారి దూది దట్టించి, కుట్లు దగ్గర దగ్గరగా లాగి, గట్టిగా కుట్టింది. డ్రైవరు నడుము కదా, గట్టి పడకే మంచిది. ఆఖరి కుట్టు వేసేముందు ఆ సందు దగ్గర నోరు పెట్టి ఏదో చెప్పబోయింది. కోడలు ఏ రాత్రైనా దాన్ని వింటుందని కాదు, ఎప్పుడో ఎవరో విప్పినప్పుడు ఊడిపడుతుందని. మళ్ళీ నోరు మూసుకుంది. ఆ దూదిలో మొదట ఇంకాల్సింది కోడలి మాట.

సందు కుట్టేసింది. ఎర్ర దారం ఎక్కించింది. ఈసారి ఒక్క గుచ్చుతోనే ఎక్కింది. పరుపు మూలన, తడుముకుంటే వేలికి తగిలేంత లావుగా, తారీకు కుట్టింది.

29 ఆగస్టు.